ఏడాది సరుకులు నాలుగైదు ఇళ్లు కలిసి కొనుక్కోవడం ఎలా: జాబితా నుంచి జాడీ దాకా

మిరపకాయలు ఎన్ని కిలోలు తెచ్చుకోవాలి, కందిపప్పు పురుగు పట్టకుండా ఎలా దాచాలి, పక్కింటివాళ్లతో కలిసి కొంటే డబ్బు దగ్గర మాటలు రాకుండా ఎలా చూసుకోవాలి అని చాలామంది అడుగుతున్నారు. మా లైనులో ఆరు ఇళ్లవాళ్లం ఏటా ఎండాకాలంలో ఈ పని చేస్తున్నాం. మాకు కుదిరిన పద్ధతి మొత్తం వరుసగా రాస్తున్నాను.

ఒక మాట ముందే చెప్పాలి. కలిసి కొన్నంత మాత్రాన రేటు సగానికి సగం పడిపోదు, కిలోకి కొంతే తగ్గుతుంది. అసలు మిగులు మూడు చోట్ల ఉంటుంది. సీజన్‌లో కొనడం, ఆటో ఖర్చు పంచుకోవడం, తెచ్చింది పాడవకుండా చివరిదాకా వాడుకోవడం. ఈ మూడోది తప్పితే మొదటి రెండింటిలో మిగిలిందంతా పోతుంది.

## 1. ముందు ఇళ్లు కుదుర్చుకోండి

నాలుగు నుంచి ఆరు ఇళ్లు చాలు. పది దాటితే ఒకరికి సన్న కారం, ఒకరికి బరక కారం అంటూ సర్దలేక అలసిపోతారు. ఒకే లైనులో గానీ, ఒకే అపార్ట్‌మెంట్‌లో గానీ ఉన్నవాళ్లైతే మేలు. డాబా ఎవరిదో ఒకరిది దొరకాలి.

పని మూడు భాగాలు. ఎవరు ఏది చూస్తారో మొదటి రోజే అనుకోండి.

- కొనేవాళ్లు: ఇద్దరు వెళ్లాలి. ఒక్కరిని పంపితే రేటు గురించి తర్వాత వచ్చే ప్రతి ప్రశ్నా ఆ ఒక్కరి మీదే పడుతుంది.
- లెక్క రాసేవాళ్లు: ఒకరు. ఈ మనిషి కొనడానికి వెళ్లకపోతే మంచిది.
- ఎండ చూసేవాళ్లు: పగలు ఇంట్లో ఉండేవాళ్లు. పెద్దవాళ్లు ఉంటే ఈ పనికి వాళ్లను మించినవాళ్లు లేరు.

ఉద్యోగాలకు వెళ్లేవాళ్లు ఎండ దగ్గర కూర్చోలేరు. వాళ్లు ఆటో మాట్లాడటం, మర దగ్గరికి తీసుకెళ్లడం లాంటివి చూసుకోవాలి. పని ఎవరెవరు చేశారన్నది కూడా పుస్తకంలో రాయండి. డబ్బు లెక్కలో తేడా వస్తే సర్దుకుంటారు గానీ, "పనంతా నేనే చేశాను" అనే బాధ మాత్రం లోపల ఉండిపోతుంది.

## 2. జాబితా: ఏం కొనాలి, ఏం వద్దు

ఏడాదికి కొనదగ్గవి: ఎండుమిరపకాయలు, చింతపండు, కందిపప్పు, పసుపు కొమ్ములు, ధనియాలు. వీటికి సీజన్ ఉంది. బాగా ఎండితే నిలవ ఉంటాయి.

ఏడాదికి కొనకూడనివి: నూనె, గోధుమపిండి, రవ్వ, వేరుశనగ గుళ్లు. నూనె, గుళ్లు కనరు వాసన వేస్తాయి. పిండి, రవ్వ పురుగు పడతాయి. ఇవి నెలకో, రెండు నెలలకో కొనుక్కోవడమే పొదుపు. పల్లెల్లో ధాన్యం పోసుకుని కావలసినప్పుడు ఆడించుకునేవాళ్ల సంగతి వేరు గానీ, పాలిష్ పట్టిన బియ్యం ఇంట్లో మూడు నెలలకు మించి పెట్టుకోకండి. బియ్యం కొనేటప్పుడు కనీసం ఆరు నెలల పాతవి అడగండి. కొత్త బియ్యం ముద్దవుతుంది, పాత బియ్యం అన్నం ఒదుగుతుంది.

ఎంత కావాలో అంచనా వేసుకోవడానికి తేలిక దారి ఉంది. కందిపప్పు డబ్బా నిండుగా పోసిన తేదీ మూత మీద చీటీ రాసి అంటించండి, అయిపోయిన తేదీ కూడా రాయండి. రెండు నెలలు ఇలా చేస్తే మీ ఇంటి వాడకం తెలిసిపోతుంది. మా ఇంట్లో నలుగురం, నెలకు రెండు కిలోల కందిపప్పు పడుతుంది. ఏడాదికి 24 కిలోలు అవుతుంది గానీ నేను 20కి మించి తీసుకోను. పండక్కి ఊరెళ్లే రోజులుంటాయి, పెసరపప్పు వండుకునే రోజులుంటాయి.

మొదటి ఏడాది మీ లెక్కలో సగమే కొనండి. దాచడం చేతకాకముందే బస్తాలు తెచ్చుకుంటే నష్టపోతారు.

## 3. ఏ నెలలో ఏ పని

- జనవరి, ఫిబ్రవరి: ఇళ్లు, జాబితా కుదరాలి. కొత్త కందులు మార్కెట్‌కు వస్తుంటాయి.
- మార్చి, ఏప్రిల్: మిరప, పసుపు, చింతపండు, ధనియాలు. గుంటూరు, ఖమ్మం, వరంగల్ వైపు మిరప. నిజామాబాద్, దుగ్గిరాల వైపు పసుపు. హిందూపురం వైపు చింతపండు.
- ఏప్రిల్ చివర, మే: ఎండబెట్టడం, మర, పంపకం.

కొంతమంది రోళ్లు పగిలే రోహిణి కార్తె దాకా ఆగుతారు. అప్పటికి ఎండ బాగానే ఉంటుంది, కానీ వెనకాలే మృగశిర. ఒక్క వాన తగిలితే నెల రోజుల పని నీళ్లపాలు. మే రెండో వారానికల్లా జాడీలకు ఎత్తేయండి.

## 4. డబ్బు ముందు, సరుకు తర్వాత

సరుకు వచ్చాక వసూలు చేయడం పెట్టుకోకండి. తెచ్చినవాళ్ల డబ్బు ఇరుక్కుపోతుంది, అడగలేరు, ఇచ్చేవాళ్లు మర్చిపోతారు. స్నేహాలు చెడేది ఇక్కడే.

కొనడానికి వారం ముందు ప్రతి ఇల్లూ తన వాటా అంచనాకి పదో వంతు కలిపి ఇవ్వాలి. ఫోన్‌లో పంపినా, చేతికిచ్చినా పుస్తకంలో తేదీ వేసి ఇచ్చినవాళ్లతో సంతకం పెట్టించండి. వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టడం మంచిదే గానీ, పుస్తకం పుస్తకమే. ఫోన్ మారితే మెసేజీలు పోతాయి.

ఈసారి ఇవ్వలేని ఇల్లు ఉంటే ఏం చేయాలో పదో అంశంలో రాశాను. అది దాటవేయకుండా చదవండి.

## 5. కొనే రోజు

మిర్చి యార్డులో వేలంలో కొనేది లైసెన్సున్న వ్యాపారులు. మనలాంటివాళ్లం కొనేది యార్డు చుట్టుపక్కల దుకాణాల్లో గానీ, తెలిసిన రైతు దగ్గర గానీ. ఉదయాన్నే వెళ్లండి, వెలుగులో చూసి కొనండి.

మిరపకాయలు. తేజ రకం సన్నగా ఉంటుంది, ఘాటు ఎక్కువ. 334 రకం మధ్యస్తంగా ఉంటుంది, ఇంటి కారానికి చాలామంది వాడేది అదే. బ్యాడిగి రంగుకు, ఘాటు తక్కువ. మేము 334కి కాస్త బ్యాడిగి కలుపుతాం. కొనే ముందు బస్తా అడుగు దాకా చెయ్యి పెట్టి తీసి చూడండి. పైన ఎర్రగా ఉండి అడుగున తెల్లబడ్డ తాలుకాయలు ఉంటే వదిలేయండి. కాయ విరిచి లోపల చూడండి. గింజల దగ్గర నల్లగా, బూజుగా ఉంటే ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు. రంగు కోసం నీళ్లు చల్లిన కాయ పిడికిట్లో నొక్కితే మెత్తగా వంగిపోతుంది.

పసుపు. కొమ్ము టక్కున విరగాలి. లోపల నారింజ ఛాయ ఉండాలి. పైన మరీ మెరిసిపోతూ, చేతికి పచ్చగా పొడి అంటుతుంటే రంగు పూశారేమోనని అనుమానించండి.

కందిపప్పు. గుప్పెడు తెచ్చి ముందురోజు కుక్కర్‌లో ఉడికించి చూడండి. నాలుగు విజిల్స్‌కి మెత్తబడని పప్పు ఏడాదంతా గ్యాస్ తింటుంది. విడిగా అమ్మే పప్పులో లంకపప్పు (కేసరి పప్పు) కలుపుతుంటారు. కందిబద్ద గుండ్రంగా ఉంటుంది, లంకపప్పు పలకగా, ఒకవైపు వాలుగా ఉంటుంది. తెల్ల కాగితం మీద పోసి చూస్తే తెలుస్తుంది. కందులే కొని మిల్లులో పట్టించాలనుకుంటే, వంద కిలోలకు వంద రావు. పొట్టు, నూక పోను 65 నుంచి 75 కిలోల పప్పు వస్తుంది. ఆ లెక్క వేసుకోకుండా కందుల రేటు తక్కువని మురిసిపోవద్దు.

చింతపండు. కొత్తది ఎర్రగా, పాతది నల్లగా ఉంటుంది. పిక్కలు తీసినది, తీయనిది రేట్లు వేరు. మధ్యాహ్నం ఖాళీగా కూర్చునే చేతులు మీ గుంపులో ఉంటేనే పిక్కలున్నది కొనండి.

## 6. ఇంటికి రాగానే కాటా

ఆటో దిగగానే, బస్తాలు విప్పకముందు, అందరి ఎదుట తూకం వేయండి. కొక్కేనికి తగిలించే చిన్న డిజిటల్ కాటా ఒకటి అందరూ కలిసి కొనుక్కోండి. ఖాళీ గోనె సంచి బరువు విడిగా తూచి తీసేయాలి. దుకాణంలో రాసిన తూకం, ఇంటి దగ్గర తూకం పక్కపక్కన రాయండి. అర కిలో తేడా ఉన్నా రాయండి. కొనడానికి వెళ్లినవాళ్లకు అది రక్షణ.

పంపకం ఇప్పుడే చేసేయకండి. కలిపి ఎండబెట్టి, కలిపి ఆడించి, ఆ తర్వాత పంచుకుంటేనే శ్రమ తగ్గుతుంది.

## 7. ఎండ

మిరపకాయలకు మూడు రోజుల గట్టి ఎండ కావాలి. నేల మీద నేరుగా పోయకండి. పాత నూలు చీరలో, పట్టాలో పరిచి పలచగా ఆరబోయండి. రెండు గంటలకోసారి చేత్తో తిప్పాలి. మొదటి రోజు సాయంత్రం ముచ్చికలు తీయండి. మరీ గలగలలాడేదాకా ఎండాక తీస్తే కాయ నలిగి గింజలు రాలిపోతాయి. ముచ్చికలు తీసేటప్పుడు చేతికి కొబ్బరినూనె రాసుకుంటే మంట తగ్గుతుంది.

పొద్దు వాలకముందే ఎత్తేయాలి. మంచు తగిలితే పగలంతా ఎండినదానికి అర్థం ఉండదు. అకాల వాన పడి తడిస్తే వెంటనే ఇంట్లో పొడి బట్ట మీద పలచగా పరిచి ఫ్యాన్ వేయండి, మర్నాడు మళ్లీ ఎండకు. కుప్పగా వదిలేస్తే ఒక్క రాత్రిలో బూజు వస్తుంది. బూజు పట్టిన కాయను కడిగి వాడుకుందామనుకోవద్దు, పారేయండి.

ఇక కందిపప్పు దగ్గర నేను చేసిన తప్పు చెబుతాను. మధ్యాహ్నం మూడు గంటలకు డాబా మీద నుంచి పప్పు తెచ్చి, వేడి వేడిగానే స్టీలు డ్రమ్ములో పోసి, గట్టిగా మూత బిగించాను. ఆషాఢంలో మూత తీస్తే, దాని లోపలి వైపు నీటి చుక్కలు ఆరిన మచ్చలు. పైపొర పప్పు ఉండలు ఉండలుగా అంటుకుని, ముక్కిపోయిన వాసన. చేత్తో లోపలికి తవ్వుతుంటే జానెడు లోతు దాకా అదే వాసన. ఆ సాయంత్రం ఎనిమిది కిలోలు పారబోశాను.

వేడిగా ఉన్నది ఏదీ మూత పెట్టకూడదు. ఎండ నుంచి తెచ్చి, నీడలో పలచగా పరిచి, రాత్రంతా ఇంట్లో చల్లారనిచ్చి, పొద్దున డబ్బాకెత్తాలి. మిరపకాయలు మాత్రం గలగలలాడుతుండగానే మరకు తీసుకెళ్లాలి.

## 8. మర

కారం మరలో మీకంటే ముందు ఎవరిదో ఆడి ఉంటుంది. వాళ్ల రకం, వాళ్ల ఉప్పు మీ కారంలో కలుస్తుంది. ఇరవై ముప్ఫై కిలోలు ఒకేసారి తెస్తామని ముందు చెప్పి, ఉదయం మొదటి వాయి అడగండి. గుంపుగా వెళ్తే దొరికే పెద్ద లాభం ఇది. మొదట ఒక గుప్పెడు వేసి, వచ్చింది పక్కన పెట్టేయండి.

పసుపు, ధనియాలు, కారం ఒకే యంత్రంలో ఆడించాల్సి వస్తే ముందు ధనియాలు, తర్వాత పసుపు, చివర కారం. తిరగేస్తే పసుపు మండుతుంది.

మరలోంచి వచ్చిన కారం వేడిగా ఉంటుంది. పళ్లెంలోనో, బట్ట మీదో పరిచి పూర్తిగా చల్లారాకే ఎత్తండి.

## 9. లెక్క కట్టడం

ఈ అంకెలు ఉదాహరణ కోసం. మీ ఊరి రేట్లు వేసుకోండి.

ఐదు ఇళ్లు వరుసగా 4, 5, 5, 6, 10 కిలోల మిరపకాయలు రాయించాయి. మొత్తం 30 కిలోలు. ముచ్చికలు, తాలు, తేమ పోయాక 27 కిలోలు మిగిలింది. అంటే పదో వంతు తరుగు. తరుగు అందరికీ ఒకే నిష్పత్తి: 4 కిలోల ఇంటికి 3.6, 5 కిలోల ఇళ్లకు 4.5 చొప్పున, 6 కిలోల ఇంటికి 5.4, 10 కిలోల ఇంటికి 9 కిలోలు.

ఖర్చు:

- మిరపకాయలు 30 కిలోలు, కిలో రూ.200 చొప్పున: 6,000
- ఆటో: 480
- మర కూలి 27 కిలోలకు, కిలో రూ.20 చొప్పున: 540
- మొత్తం: 7,020

27తో భాగిస్తే కిలో కారం రూ.260 పడింది. దుకాణంలో కారం ధరతో పోల్చుకోవాల్సింది ఈ 260నే. 200తో పోల్చుకుని ఎంతో మిగిలిందని లెక్కేసుకునేవాళ్లను చూశాను. 10 కిలోలు రాయించిన ఇల్లు రూ.2,340, 4 కిలోల ఇల్లు రూ.936 కట్టాలి. ముందు ఇచ్చిన అడ్వాన్స్‌లో మిగిలితే అదే రోజు వెనక్కివ్వండి. మరలో ఒకటో రెండో పిడికిళ్లు పోతే అదీ అందరి మీదా వేయండి.

డాబా ఇచ్చిన ఇంటికి, పగలంతా ఎండ కాసిన పెద్దావిడకు ఆటో, మర ఖర్చులో వాటా మినహాయించడం మా పద్ధతి. ముందే అనుకుని చేయండి, లెక్క అయ్యాక దయ చూపినట్టు కాకుండా.

## 10. ఈసారి కట్టలేని ఇల్లు

ఒక మార్చిలో పక్కింటావిడ గేటు దగ్గర నిలబడి, "వదినగారూ, ఈసారి మా పేరు రాయకండి, పిల్లల ఫీజులు కట్టేశాం" అంది. అంతకు మించి ఏమీ అనలేదు. చౌకగా కొనుక్కోవాల్సిన అవసరం అందరికంటే ఎక్కువ ఉన్న ఇల్లే చేతిలో డబ్బు లేక బయట ఉండిపోయింది. కిలోకి ఎక్కువ పెట్టి, పావు కిలో ప్యాకెట్లు కొనుక్కోవాల్సింది కూడా వాళ్లే. ఆ ఏడాదే ఆసరా డబ్బా మొదలుపెట్టాం.

ఇలా నడుస్తుంది:

- ప్రతి ఇల్లూ నెలకు వంద రూపాయలు. ఆరు ఇళ్లకు నెలకు 600, ఏడాదికి 7,200.
- సరుకుల సమయంలో ఎవరికైనా తక్కువ పడితే ఇందులోంచి వాళ్ల వాటా కడతాం. నాలుగైదు నెలల్లో కొద్ది కొద్దిగా తిరిగి వేస్తారు. వడ్డీ లేదు.
- ఎవరు తీసుకున్నారన్నది లెక్క రాసే మనిషికి, ఇంకొకరికి మాత్రమే తెలియాలి. ఈ పుస్తకం వేరు. గ్రూపులో ఒక్క మాట రాకూడదు.
- అడిగేదాకా ఆగకండి. జాబితా రాసేటప్పుడే అందరినీ ఒకేలా అడగండి: "ఇప్పుడు కడతారా, విడతలుగానా?" అందరినీ అడిగితే ఎవరూ చిన్నబోరు.

దీన్ని చీటీగా మార్చకండి. పాట పెట్టడం, ఎక్కువ తగ్గించుకున్నవాళ్లకు ఇవ్వడం మొదలైతే అది చిట్ వ్యాపారం. 1982 చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం దానికి రిజిస్ట్రేషన్ కావాలి. పైగా అవసరం ఉన్నవాళ్లే నష్టపోతారు.

## 11. దాచడం

- కారం: జాడీ గానీ, గాజు సీసా గానీ. నెలకు సరిపడా చిన్న డబ్బాలోకి తీసుకుని పెద్ద జాడీకి వాసెన కట్టేయండి. మధ్యలో ఇంగువ ముక్క వేసే అలవాటు మా వైపు ఉంది. ఉప్పు కలిపి దాచేవాళ్లు కూరలో ఉప్పు తగ్గించుకోవాలి.
- కందిపప్పు: కిలోకి ఒక చెంచా వంటకు పనికొచ్చే ఆముదం పట్టించి, ఆరనిచ్చి ఎత్తండి. వండే ముందు గోరువెచ్చని నీళ్లతో కడగండి. ఆముదం పడనివాళ్లు ఎండిన వేపాకు వేయవచ్చు.
- చింతపండు: పిక్కలు, ఈనెలు తీసి, రాళ్ల ఉప్పు పొరలు పొరలుగా చల్లి జాడీలో అదమండి. స్టీలు, ఇత్తడి, అల్యూమినియం వద్దు, పులుపు లోహాన్ని తింటుంది.
- పసుపు: సగం ఆడించి, సగం కొమ్ములుగానే ఉంచండి.

రంగు డబ్బాలు, మందుల డ్రమ్ములు ఎంత కడిగినా సరుకులకు వాడకండి. బియ్యంలో, పప్పులో బోరిక్ పౌడర్ కలపడం చాలా ఇళ్లలో చూస్తాం. అది తినే వస్తువు కాదు, మానేయండి. ఇక గోదాముల్లో పెట్టే విష వాయువు బిళ్లలు ఎవరైనా ఒకటి ఇస్తామన్నా ఇంటికి తేవద్దు. మూసిన గదిలో వాటి వాయువు పీల్చి మనుషులు చనిపోయారు.

## 12. ఏదైనా తేడా వస్తే

పప్పులో పురుగు కనిపించింది. వెంటనే ఆ డబ్బాను మిగతా వాటికి దూరంగా పెట్టండి. జల్లించి, ఎండలో పోసి, చల్లార్చి వేరే డబ్బాకెత్తండి. కొద్దిగానే ఉంటే కవర్లో కట్టి డీప్ ఫ్రీజర్‌లో నాలుగు రోజులు పెట్టండి, గుడ్లు కూడా చస్తాయి.

కారం రంగు తగ్గింది. వెలుతురు తగిలింది. గాజు సీసాకు కాగితం చుట్టి చీకటి అరలో పెట్టండి. రుచికి వచ్చిన ముప్పు లేదు.

ఒక ఇంటికి సరుకు నచ్చలేదు. కొన్న రోజే గుప్పెడు అందరికీ చూపించి సరేననిపించుకుంటే ఇది రాదు. అయినా వస్తే, వాళ్ల వాటా మిగతావాళ్లు పంచుకుని డబ్బు వెనక్కివ్వండి. వాదించి గెలిచి, మనిషిని పోగొట్టుకోవద్దు.

డబ్బు లెక్క కుదరలేదు. వంద రూపాయల లోపు తేడా అయితే ఆసరా డబ్బాలోంచి సర్దేసి, పుస్తకంలో అలాగే రాయండి.

## 13. మిగతా ఏడాది

శ్రావణంలో ఒకసారి, కార్తీకంలో ఒకసారి అన్ని ఇళ్లవాళ్లూ తమ డబ్బాలు తెరిచి చూసుకోవాలి. ఒకరి పప్పు ముందు అయిపోతే ఇంకొకరి దగ్గర కిలో బదులు తీసుకుని, కొత్త సరుకు వచ్చాక తిరిగి తూచి ఇవ్వండి. ఈ బదులు కూడా పుస్తకంలోకే.

కొన్ని వస్తువులు అందరికీ కలిపి ఒక్కొక్కటి చాలు: కాటా, పెద్ద పట్టా, నిచ్చెన, డ్రిల్లింగ్ మెషిన్, పెద్ద గుండిగ. ఏది ఎవరింట్లో ఉందో పుస్తకం చివరి పేజీలో రాసి ఉంచండి. తీసుకున్నవాళ్లు తుడిచి, మర్నాడు తిరిగివ్వాలి. పాడైతే పాడైందని చెప్పి ఇవ్వాలి, బాగు చేయించే ఖర్చు సగం వాళ్లది, సగం అందరిది.

ఎవరైనా ఇల్లు మారుతుంటే, సామాను ఎక్కించే ముందు రోజు ఆసరా డబ్బాలో వాళ్లు వేసిన మొత్తం లెక్కగట్టి చేతికివ్వండి. వాళ్లు ఇవ్వాల్సింది ఉంటే అందులోంచి తీసుకోండి. ఉమ్మడి వస్తువుల్లో వాళ్ల వాటా కొత్తగా చేరే ఇంటి నుంచి తీసుకుని పంపాలి. పుస్తకంలో వాళ్ల పేజీ కింద ఇద్దరి సంతకాలూ పెట్టించి, తేదీ వేయండి.